ఒకే కాటా మీద రెండుసార్లు: టీబీ మందులు, కాలేయం

పలమనేరు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం వారం రోజులుగా నా బల్ల మీదే ఉంది. వాళ్ల అమ్మగారికి టీబీ మాత్రలు మొదలుపెట్టిన రెండో రోజుకే మూత్రం ఎర్రగా వచ్చిందట. కామెర్లు వచ్చాయని, మందు పడలేదని ఇరుగుపొరుగు తేల్చేస్తే, మాత్రలు ఆపి నేల ఉసిరి పసరు తాగిస్తున్నారట. ఈ మందులు నిజంగా లివర్‌ను పాడుచేస్తాయా అని ఆయన ప్రశ్న.

కొందరిలో చేస్తాయి. అయితే రెండో రోజే కనిపించిన ఆ ఎరుపు చాలామటుకు రిఫాంపిసిన్ రంగే అయి ఉంటుంది. ఆ మందే ఇటుకపొడి రంగులో ఉంటుంది; మూత్రానికి, చెమటకు, కన్నీళ్లకు కూడా నారింజ ఛాయ తెస్తుంది. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో రంగు చిక్కగా ఉండి, ఆ తర్వాత పలచబడుతుంది. కామెర్ల మూత్రమైతే రోజంతా టీ డికాక్షన్‌లా ముదురుగానే ఉంటుంది. సందేహం వస్తే ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో, కింది రెప్పను వేలితో కొంచెం లాగి, కంటి తెల్లగుడ్డును చూడాలి. రిఫాంపిసిన్ మామూలు మోతాదులో అక్కడ పసుపు పూయదు.

చికిత్సలో మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ నాలుగూ ఇస్తారు. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ ఉండదు. ఇథాంబ్యుటాల్ విషయంలో కనిపెట్టుకోవలసింది కంటిచూపును. కాలేయానికి సంబంధించినవి మిగతా మూడు. వాటిలో నన్ను ఏళ్లుగా వదలనిది ఐసోనియాజిడ్. దీన్ని ప్రాగ్ నగరంలో 1912లోనే తయారుచేశారు. అది క్షయ క్రిమిని చంపుతుందని 1950ల మొదటి దాకా ఎవరికీ తెలియలేదు. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915 నుంచి రోగులకు మంచి గాలి, తిండి, విశ్రాంతి ఇచ్చి కాపాడుకోవడానికి ప్రయత్నించిన ఆ దశాబ్దాలన్నింటిలోనూ ఈ పదార్థం లోకంలో ఉండనే ఉంది.

ఇది కాలేయంలో ఎలా నడుస్తుందో చెప్పాలంటే జూన్‌లో చిత్తూరు చుట్టుపక్కల ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడాలి. తోతాపురి కాయలతో వచ్చిన లారీ ముందు కాటా ఎక్కుతుంది, లోపల కాయలు దించుతుంది, మళ్లీ ఖాళీ బరువు చూపించడానికి అదే కాటా ఎక్కితేనే బయటికి పోనిస్తారు. కాలేయంలో ఆ కాటా పేరు ఎన్-ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజ్-2 అనే ఎంజైము. అది ఐసోనియాజిడ్‌కు ఎసిటైల్ అనే ఒక చిన్న పరమాణువుల గుంపును తగిలిస్తుంది. తర్వాత కాయలు దించినట్టుగా ఐసోనికోటినిక్ ఆమ్లం విడిపోగా ఎసిటైల్ హైడ్రజీన్ అనే ఖాళీ లారీ మిగులుతుంది. అది మళ్లీ అదే ఎంజైము దగ్గరికి వచ్చి రెండో ఎసిటైల్ గుంపును తగిలించుకుంటే డైఎసిటైల్ హైడ్రజీన్‌గా మారి, హాని చేయకుండా మూత్రంలో వెళ్లిపోతుంది.

కాటా నెమ్మదిగా పనిచేస్తే ఏమవుతుంది? బయట నిండు లారీలు బారులు తీరి కాటాను ఆక్రమిస్తాయి కనుక, లోపలి ఖాళీ లారీలకు వంతు రాదు. అప్పుడవి సీవైపీ2ఈ1 అనే మరో ఎంజైము కాపలా ఉండే వెనక గేటు దారి పడతాయి. అక్కడ పుట్టే చురుకైన ముక్కలు కాలేయ కణాల ప్రొటీన్లకు అతుక్కుని వాటిని దెబ్బతీస్తాయి. రోజూ మద్యం తాగేవారిలో ఈ వెనక గేటు మరింత వెడల్పవుతుంది. కాటా ఎక్కకుండానే ఐసోనియాజిడ్ నేరుగా విరిగి హైడ్రజీన్ అనే విషం పుట్టే అడ్డదారి ఇంకొకటి ఉంది, రిఫాంపిసిన్ దాన్ని పెంచుతుంది.

1970లలో శాస్త్రవేత్తలు వేగవంతమైన కాటా ఉన్నవారికే ప్రమాదం ఎక్కువని అనుకున్నారు, ఎందుకంటే వారిలో ఎసిటైల్ హైడ్రజీన్ త్వరగా తయారవుతుంది. లారీ తిరిగి అదే కాటా ఎక్కాలన్న సంగతిని లెక్కలోకి తీసుకున్నాక, నెమ్మది కాటా వారికే ముప్పు ఎక్కువని తేలింది. ఈ మార్గాన్ని తరగతిలో ఒక నిలువు బాణంగా గీసి వదిలేయడం నాకు నచ్చదు. వెనక్కి తిరిగి వచ్చే వంపు గీస్తే తప్ప విద్యార్థికి విషయం అందదు. దక్షిణ భారతంలో సగానికి పైగా జనానిది నెమ్మది కాటాయే. అది జబ్బు కాదు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జన్యువుల తీరు. వారిలో చాలామందికి కాలేయం చెక్కుచెదరకుండానే చికిత్స పూర్తవుతుంది.

ఐసోనియాజిడ్ తీసుకునేవారిలో నూటికి 10 నుంచి 20 మందికి రక్తంలో ఏఎల్‌టీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైము) కొంచెం పెరిగి, మందు కొనసాగుతుండగానే దిగిపోతుంది. వాంతులు, కడుపునొప్పి, కామెర్ల వంటి లక్షణాలతో అది సాధారణ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటినా, ఏ లక్షణమూ లేకుండా ఐదు రెట్లు దాటినా కాలేయానికి హాని చేసే మందులను వైద్యులు ఆపుతారు. రెండు రెట్ల లోపుకు దిగాక సాధారణంగా రిఫాంపిసిన్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా తిరిగి ఇస్తారు. నాలుగు మందులూ ఒకే మాత్రలో కలిసి వస్తున్నాయి కనుక, ఈ దశలో విడి మాత్రలు కావాలి.

కామెర్లకు చేతి మీద వాతలు పెట్టించుకున్నవారిని మన పల్లెల్లో చూశాను. వాత వల్ల గానీ, ఏ ఆకులు కలిశాయో తెలియని పసరు వల్ల గానీ కాటా వేగం పెరగదు. పైగా మాత్రలు ఆపి, మళ్లీ మింగి, మళ్లీ ఆపితే క్రిమి మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది.

పలమనేరుకు నిన్ననే జవాబు రాశాను. అమ్మగారిని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి కాలేయ పరీక్ష చేయించమన్నాను. వాడిన మాత్రల షీట్లు వెంట తీసుకువెళ్లి, ఎన్ని రోజులు మానేశారో, పసరు ఎన్ని పూటలు తాగించారో దాచకుండా చెప్పమన్నాను. ఆకలి ఉందా, అన్నం చూస్తేనే వికారంగా ఉందా అని ఆమెనే అడిగి తెలుసుకోమని కూడా రాశాను, ఎందుకంటే కళ్లు పచ్చబడడానికి కొన్ని రోజుల ముందే చాలామందికి తిండి సయించదు.