ఎయిర్ వింగ్ మాస్టారి భుజం మీద పట్టీలు

కాలేజీలో పాఠం చెప్పే లెక్చరరు ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) ఎయిర్ వింగ్ బాధ్యత తీసుకుంటే ఫ్లయింగ్ ఆఫీసర్ అవుతారు. పక్క వీధి హైస్కూల్లో అదే పని చేసే టీచరు మాత్రం థర్డ్ ఆఫీసర్. ఇద్దరూ వేసేది నీలం యూనిఫామే, పరేడ్ అయ్యాక పిల్లలకు టిఫిన్ అందిందా లేదా అని చూసుకునేదీ ఇద్దరే. మరి ఈ తేడా ఎక్కడిది?

1917లో కలకత్తా యూనివర్సిటీలో విద్యార్థుల సైనిక శిక్షణ కోసం మొదలైన కోర్, 1920 నాటి చట్టంతో యూనివర్సిటీ ట్రెయినింగ్ కోర్‌గా మారింది. అది కాలేజీ కుర్రాళ్ల కోసం. ప్రొఫెసర్లే ఆఫీసర్లు, సైన్యం ర్యాంకులే వాళ్లవీ. 1946లో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన వేసిన కమిటీ సిఫార్సులతో 1948లో ఎన్‌సీసీ చట్టం వచ్చింది. కాలేజీలకు సీనియర్ డివిజన్, స్కూళ్లకు జూనియర్ డివిజన్ ఏర్పడ్డాయి. యూనివర్సిటీ, స్కూలు సిబ్బంది నుంచే ఆఫీసర్లను నియమించుకోవచ్చని చట్టమే చెప్పింది. అయితే ఎన్‌సీసీలో ఉన్నంత మాత్రాన యుద్ధానికి వెళ్లాల్సిన పని లేదనీ రాసింది. మాస్టారి ర్యాంకు అసలు స్వభావమంతా ఈ మాటలోనే ఉంది.

1950 ఏప్రిల్ 1న బొంబాయి, కలకత్తాల్లో ఒక్కో స్క్వాడ్రన్‌తో ఎయిర్ వింగ్ మొదలైంది. సీనియర్ డివిజన్‌లో ఆర్మీ వింగ్‌కుండే లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్ స్థానంలో ఎయిర్ వింగ్‌కు ఫ్లయింగ్ ఆఫీసర్, ఫ్లయిట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్ ఉన్నాయి. స్కూలు వైపు ఏ వింగ్ అయినా థర్డ్, సెకండ్, ఫస్ట్, చీఫ్ ఆఫీసర్లే. కాలేజీ వాళ్లకు పాత కోర్ మర్యాద వారసత్వంగా దక్కిందని, స్కూలు మాస్టార్లకు కొత్త నిచ్చెన వేశారని నాకనిపిస్తుంది. అందులో న్యాయం ఎంతన్నది వేరే సంగతి.

ప్రమోషన్ రావాలంటే సర్వీసు ఏళ్లు నిండాలి, రిఫ్రెషర్ కోర్సు చేసి ఉండాలి. పరీక్షల టైములో కోర్సు పడితే ప్రిన్సిపాల్ వదలడు, ప్రమోషన్ వెనక్కి పోతుంది. ఎంత ఎదిగినా స్క్వాడ్రన్ లీడర్ దగ్గరే ఆగాలి. యూనిట్ కమాండింగ్, మైక్రోలైట్ అనే చిన్న విమానం నడపడం వైమానిక దళం నుంచి వచ్చిన ఆఫీసర్ల పని. జీతం, సీనియారిటీ కాలేజీ లెక్క ప్రకారమే. ఎన్‌సీసీ ఇచ్చేది గౌరవ వేతనం.

చైనా యుద్ధం తర్వాత 1963లో ఎన్‌సీసీని కాలేజీల్లో తప్పనిసరి చేశారు. అంతమంది క్యాడెట్లకు మాస్టార్లు ఎక్కడ చాలుతారు? పూర్తికాలం ఆఫీసర్లనూ తీసుకోవాల్సి వచ్చింది. 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు.

ఆ కొరత ఇప్పటికీ కేర్‌టేకర్ రూపంలో కనిపిస్తుంది. పాత ఆఫీసర్ రిటైరైతే ఎవరో ఒక టీచరుకు పని అప్పగిస్తారు. హాజరు, క్యాంపులు, బిల్లులు అన్నీ ఆయనే చూడాలి. ఆఫీసర్‌గా నియమించే ముందు ఇచ్చే శిక్షణకు, అంటే ప్రీ కమిషన్ కోర్సుకు వెళ్లి వచ్చేదాకా భుజం మీద పట్టీ ఉండదు.