వాచీని కాపాడేది మిల్లీమీటర్లే

కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లే ఒక పాఠకుడు స్టీలు వాచీ గట్టిదా, రబ్బరుదా అని అడిగారు. నన్నడిగితే, కేసు ఎంత గట్టిదన్నది తర్వాతి మాట. కింద పడినప్పుడు, నేల తగిలాక లోపలి యంత్రం ఇంకా ఎంత దూరం కదిలి ఆగుతుందన్నదే ముందు చూడాలి.

10 మీటర్ల ఎత్తు నుంచి జారిన వాచీ నేలను తాకేసరికి సెకనుకు 14 మీటర్ల వేగంతో ఉంటుంది. యంత్రం 1 మిల్లీమీటరులో ఆగిపోతే, దాని మీద పడే తాకిడి సగటున గురుత్వానికి 10,000 రెట్లు. గ్రాము బరువున్న భాగం మీద పది కిలోలు మోపినట్టే! 5 మిల్లీమీటర్లలో ఆగితే 2,000 రెట్లే. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే చాలు, లెక్క తేలిపోతుంది. క్యాచ్ పట్టే ఆటగాడు చేతులు వెనక్కి లాక్కునేది ఇందుకే. న్యూటన్ సూత్రాలను వల్లె వేయించే బదులు బడిలో ఈ భాగహారం చేయిస్తే ఎంత బాగుంటుంది!

జపాన్‌లో కాసియో ఇంజినీరు కికువో ఇబే 1981లో ఈ సమస్య పట్టుకున్నారు. 10 మీటర్ల పతనాన్ని తట్టుకోవాలి, 10 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు పది రెట్ల) నీటి ఒత్తిడికి నిలవాలి, బ్యాటరీ 10 ఏళ్లు రావాలి. దాదాపు 200 నమూనాలను మూడో అంతస్తు కిటికీలోంచి పడేశారు. కేసు నిలిచినా లోపల ఏదో ఒకటి పాడయ్యేది. చివరికి పార్కులో ఎగురుతున్న బంతిని చూసి, దాని నడిమధ్యన ఉన్నదానికి దెబ్బ తగలదని గ్రహించారు. యంత్రాన్ని కేసుకు బిగించకుండా, కొన్ని చోట్ల మాత్రమే ఆనించి, ఖాళీలో తేలేలా అమర్చారు. అదే 1983లో వచ్చిన తొలి జీ-షాక్ వాచీ. దాని లోపల ఉన్నది స్టీలు కేసే, పైన యూరిథేన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్ తొడుగు. ఆ రెండూ ఉండాలి.

‘షాక్ రెసిస్టెంట్’ అన్న ముద్ర చూసి మురిసిపోకండి. వాచీలు దెబ్బను తట్టుకోవడానికి పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1413 అడిగేది 1 మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క మీద పడితే తట్టుకోవడమే. వెంట్రుకంత ఇరుసుల మీద తిరిగే చక్రమున్న మెకానికల్ వాచీ కంటే, బ్యాటరీతో నడిచే, ముళ్లు లేని డిజిటల్ క్వార్ట్జ్ వాచీ కొండలకు మేలు.

గంటల ముల్లును సూర్యుడి వైపు పెట్టి, దానికీ 12కీ నడుమ దక్షిణం వెతికే చిట్కా కోసం ముళ్ల వాచీ కొనేవాళ్లున్నారు. అది యూరప్ వంటి చోట్ల పనికొస్తుంది. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. ఆ వేళ చిట్కాను నమ్మితే మీరు ఎదురుదిక్కున నడుస్తారు. దిక్కులకు దిక్సూచి వేరే కొనుక్కోండి.