కిడ్నీలో ఇంటిదొంగ: బీకే వైరస్

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఎప్పుడూ ఒకటే టెన్షన్: ఒళ్లు కొత్త కిడ్నీని ఒప్పుకుంటుందా, లేదా అని. ఆ రిజెక్షన్‌ను ఆపడానికే రోజూ టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ లాంటి మందులు వేసుకుంటారు. అవి రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. బీకే వైరస్‌కు కావలసిందీ అదే.

ఇది అప్పటికప్పుడు బయటి నుంచి అంటుకునేది కాదు. పెద్దవాళ్లలో 80 శాతం పైగా మందికి చిన్నతనంలోనే సోకి, కిడ్నీ కణాల్లో, మూత్రనాళాల్లో చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది. మామూలు మనుషులకు దానివల్ల ఏ హానీ లేదు. చాలాసార్లు దాత కిడ్నీతోపాటే లోపలికి వస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇదీ అదే బాపతు.

దీన్ని 1971లోనే లండన్‌లో, కిడ్నీ మార్పిడి జరిగిన ఒకరి మూత్రంలో కనుగొన్నారు. అయినా కిడ్నీని దెబ్బతీసే పెద్ద సమస్య అయింది మాత్రం 1990లలో, బలమైన మందులు వచ్చాకే. రిజెక్షన్లు తగ్గాయి, బీకే పెరిగింది.

జ్వరం రాదు, నొప్పి ఉండదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) మెల్లగా పెరుగుతుంది, అంతే. రిజెక్షన్‌లోనూ పెరిగేది అదే! బయాప్సీ తీసినా, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసినా, రెండింట్లోనూ తెల్ల రక్తకణాల గుంపులే కనిపిస్తాయి. కానీ వైద్యం పూర్తిగా ఎదురు: రిజెక్షన్ అయితే మందులు పెంచాలి, బీకే అయితే తగ్గించాలి. పొరబడితే కిడ్నీకే ముప్పు. అందుకే బయాప్సీ ముక్కకు ప్రత్యేకమైన రంగు పరీక్ష చేస్తారు. దానికి వాడే యాంటీబాడీ నిజానికి ఎస్‌వీ40 అనే కోతుల వైరస్ కోసం తయారైంది. బీకేకు అది దగ్గరి చుట్టం కాబట్టి ఇక్కడా పనికొస్తోంది. వైరస్ కిడ్నీ అంతటా సమానంగా ఉండదు, సూది దిగిన చోట లేకపోతే బయాప్సీ కూడా తప్పుతుంది.

అంతదాకా రానివ్వకపోవడమే మేలు. ఇప్పుడు మార్పిడి తర్వాత మొదటి తొమ్మిది నెలలు నెలనెలా, ఆ తర్వాత రెండేళ్లు నిండేదాకా మూడు నెలలకోసారి రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కించే పీసీఆర్ పరీక్ష చేయమంటున్నారు. మిల్లీలీటరుకు వైరస్ 1,000 కాపీలు దాటి, కొన్ని వారాలపాటు అలాగే ఉంటే, క్రియాటినిన్ మామూలుగా ఉన్నా సరే మందుల మోతాదు తగ్గిస్తారు. బీకేను నేరుగా చంపే మందు ఇంకా లేదు. లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మీద కొన్నాళ్లు ఆశలు పెట్టుకున్నారు గానీ, ట్రయల్స్‌లో ఫలితం కనబడలేదు.

కాబట్టి తగ్గించడం ఒక్కటే దారి. అదీ డాక్టరు చెప్పిన లెక్కలోనే. రోగి సొంతంగా మాత్ర మానేస్తే రిజెక్షన్ కాచుకుని ఉంటుంది. నిరోధక శక్తి కాస్త పుంజుకుని వైరస్‌ను అదుపులోకి తేవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఇంత చేసినా కొందరికి కిడ్నీ దక్కదు. వాళ్లకు కూడా, రక్తంలో వైరస్ పోయాక, మరో కిడ్నీ పెట్టించుకునే వీలుంది.