షాంఘైకి చేరిన అబద్ధం, షాంఘైకి చేర్చిన వీసా

ప్రపంచాన్ని ఏలడానికి యూదులు రహస్యంగా కుట్ర పన్నారంటూ 1903లో రష్యాలో ఒక పత్రిక ఒక రచనను ధారావాహికగా అచ్చువేసింది. తర్వాత ‘ప్రోటోకాల్స్’ పేరుతో లోకమంతా తిరిగింది అదే. పచ్చి కల్పన. 1864లో ఫ్రాన్స్ చక్రవర్తిని విమర్శిస్తూ వచ్చిన ఒక వ్యంగ్య రచనలోని మాటలు ఎత్తుకొచ్చి యూదులకు అంటగట్టారని 1921లోనే లండన్ ‘టైమ్స్’ పత్రిక బయటపెట్టింది. అప్పటికే ఆలస్యమైంది. అమెరికాలో కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ తన పత్రికలో దాన్ని ఊరూరా పంచాడు. 1927లో క్షమాపణ చెప్పాడు కానీ, ఆ వ్యాసాలు అప్పటికే జర్మన్ భాషలోకి వెళ్లిపోయాయి.

తూర్పుకు దాన్ని మోసింది యుద్ధమే. 1918లో బోల్షెవిక్కులపై పోరుకు సైబీరియా వెళ్లిన జపాన్ సైన్యానికి అక్కడి జారు పక్షపు రష్యన్ల ద్వారా అది అందింది. 1924లో యాసుయే నొరిహిరో అనే సైనికాధికారి జపాన్ భాషలోకి అనువదించాడు. యూదులు దాదాపు లేని దేశమది. అక్కడ కొందరు అధికారులకు మరో సంగతి గుర్తుంది: రష్యాతో 1904-05లో జరిగిన యుద్ధంలో జపాన్‌కు అప్పు పుట్టించినవాడు న్యూయార్క్‌లోని యూదు బ్యాంకరు జాకబ్ షిఫ్. ఇంత శక్తిమంతులను దూరం చేసుకోవడం కంటే మంచి చేసుకోవడమే మేలని లెక్కవేశారు. యూదులను ఇతర విదేశీయుల్లాగే చూడాలని 1938 డిసెంబరులో మంత్రులు నిర్ణయించారు. దీన్ని ఉదారత అనడం నాకు ఒప్పుకోలేని మాట. భయం పుట్టించిన అదే అబద్ధం ఇక్కడ ఆశ పుట్టించింది, అంతే. లెక్క మారిన రోజున ఆ ఆశ్రయమూ మారింది.

అదే 1938 మార్చిలో ఆస్ట్రియాను జర్మనీ కలుపుకుంది. వేరే దేశానికి వెళ్తున్నట్టు కాగితం చూపితే యూదులను వెళ్లనిచ్చేవారు. జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై సానుభూతి చూపాయి. తలుపులు మాత్రం ఒకటి రెండు తప్ప తెరవలేదు. వియన్నాలో చైనా కాన్సుల్ జనరల్ హో ఫెంగ్‌షాన్ వీసాలు ఇస్తూ పోయాడు. షాంఘైలో దిగడానికి వీసా అక్కరలేదు. అది వియన్నా దాటడానికి కావలసిన కాగితం. బెర్లిన్‌లోని తన పైఅధికారి వద్దన్నా ఆపలేదు. కాన్సులేట్ భవనం యూదుడిదంటూ నాజీలు లాక్కుంటే, సొంత డబ్బుతో చిన్న చోటు అద్దెకు తీసుకుని వీసాలు ఇచ్చాడు.

1940లో లిథువేనియాలోని కౌనస్‌లో ఇంకొకరు. ఫిలిప్స్ రేడియోల వ్యాపారం చూసుకుంటూ డచ్ కాన్సుల్‌గానూ ఉన్న యాన్ జ్వార్టెన్‌డైక్, కరీబియన్‌లోని డచ్ పాలిత ‘కురసావ్ దీవిలో దిగడానికి వీసా అవసరం లేదు’ అని రెండు వేలకు పైగా కాగితాల మీద రాసిచ్చాడు. గవర్నరు అనుమతి కావాలన్న తర్వాతి ముక్క కావాలనే వదిలేశాడు. ఆ కాగితం చూసి జపాన్ కాన్సుల్ సుగిహారా చియునె తన దేశం మీదుగా సాగిపోయే వీసాలు చేత్తో రాసిచ్చాడు. సైబీరియా రైలు, వ్లాదివొస్తోక్ ఓడ: అబద్ధం జపాన్ చేరిన దారినే ఆ మనుషులూ జపాన్ చేరారు.

షాంఘైకి మొత్తం పదిహేడు, పద్దెనిమిది వేల మంది కాందిశీకులు వచ్చారు. దిగినవారికి తన భవనంలో చోటిచ్చిన విక్టర్ ససూన్‌ది బొంబాయి యూదు కుటుంబం. నల్లమందు, పత్తి వ్యాపారాలతో ఎదిగినది. అంతకు ముందే, 1933 మేలో, చైనా నాయకుడు సన్ యట్‌సెన్ భార్య సాంగ్ చింగ్‌లింగ్, రచయిత లూషున్ తదితరులు షాంఘైలోని జర్మన్ కాన్సులేట్‌కు వెళ్లి నాజీల దౌర్జన్యాలపై నిరసన పత్రం ఇచ్చి వచ్చారు.

అప్పటికి షాంఘై జపాన్ ఆక్రమణలో ఉంది. 1943 ఫిబ్రవరి 18న జపాన్ ప్రకటన వచ్చింది. 1937 తర్వాత వచ్చిన, ఏ దేశ పౌరసత్వమూ లేని కాందిశీకులంతా షాంఘైలోని హాంగ్‌కౌ ప్రాంతంలో కొన్ని వీధుల్లోకే చేరాలి. ‘యూదులు’ అన్న మాట అందులో లేదు. బయట పనికి పోవాలంటే పాసు కావాలి. పాసు కోసం జపాన్ అధికారి గోయా ఎదుట వరుసలో నిలబడాలి, చెంపదెబ్బలు తినాలి. ఇరుకు గదుల్లో కుటుంబాలు కిక్కిరిసి బతికాయి. ఆ సందుల్లోనే అంతకంటే పేదలైన చైనా కుటుంబాలూ ఉండేవి.

1945లో యుద్ధం ముగిశాక, యూరప్‌లో బతికి బయటపడినవారి పేర్ల జాబితాలు షాంఘై చేరాయి. వాటిలో జనం తమ ఇంటిపేర్లు వెతుక్కున్నారు. చాలామందికి కనిపించలేదు.