ప్రెస్సువాడి కట్టలు: అపోహలు, వాస్తవాలు

స్థల పురాణాలు, ఊరి చరిత్రలు, సంస్థానాల వంశావళులు. ఇలాంటి పలుచటి పుస్తకాలను యూనివర్సిటీ లైబ్రరీలో చూసుకోవడం నా పని. ఒక ప్రెస్సు యజమాని తను అచ్చేసి దాచుకున్న పుస్తకాల కట్టలు లైబ్రరీకి వచ్చాయంటే చాలు, ఈ మాటలు మొదలవుతాయి.

అపోహ: అదంతా ప్రెస్సులో మిగిలిన చెత్త కాగితం.
ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రింటర్‌గా 1925 నుంచి 1946 దాకా పనిచేసిన జాన్ జాన్సన్ ఏరికోరి పోగేసింది ఆ చెత్తనే: టికెట్లు, పోస్టర్లు, కరపత్రాలు. అంతకుముందు ఆయన ఈజిప్టులో పపైరస్ ముక్కల కోసం ప్రాచీన చెత్తకుప్పలు తవ్విన మనిషి మరి! ఆ సేకరణ 1968లో అక్కడి బాడ్లియన్ లైబ్రరీకి చేరింది.

అపోహ: “ఫలానా ప్రెస్సులో ముద్రితం” అన్న వరుస కేటలాగుకు అనవసరం.
అది చట్టం వేయించిన వరుస. 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ముద్రాపకుడి పేరు, అచ్చయిన ఊరు వేయకపోతే శిక్ష ఉండేది. సర్కారుకు ప్రతులు కూడా ఇవ్వాల్సి ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో వాటిని బట్టి మూడు నెలలకోసారి జాబితా తయారయ్యేది. ఎవరేం అచ్చేస్తున్నారో కనిపెట్టడానికి దొరలు పెట్టిన ఏర్పాటే కావచ్చు, కానీ పేజీలు, ధర, ఎన్నో కూర్పు, చివరికి ఎన్ని ప్రతులు వేశారో కూడా ఆ జాబితాలకు ఎక్కేవి. రచయిత పేరు చిరిగిపోయిన పుస్తకాన్ని ప్రెస్సు పేరు పట్టుకుని అక్కడ వెతకొచ్చు. నైజాంలో అచ్చయినవాటికి మాత్రం మద్రాసు జాబితాలు పనికిరావు. ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకే.

అపోహ: కట్ట విప్పి, సబ్జెక్టుల వారీగా సర్దేయాలి.
సబ్జెక్టులు కేటలాగులో విడదీయండి, అలమారాలో వద్దు. ఒకే ప్రెస్సు పుస్తకాలు పక్కపక్కన ఉంటేనే కొన్ని సంగతులు బయటపడతాయి. పేజీ అంచున పూలు అచ్చేసే దిమ్మె ఒక పుస్తకంలో నిండుగా, మరోదాంట్లో మూల విరిగి కనిపిస్తుంది. తేదీ లేని స్థల పురాణం ఏ పుస్తకానికి ముందో, ఏది వచ్చాకో ఆ విరిగిన మూలే చెబుతుంది. ఖర్చు పెట్టిందెవరో కూడా చూడండి. ధర్మకర్తల సొమ్ముతో వచ్చిన గుడి చరిత్రలో గుడి భూముల తగాదా గురించి ఉంటుందని నేనైతే ఆశించను.

అపోహ: లామినేషన్ చేస్తే నిశ్చింత.
చెక్క గుజ్జు కాగితంలోని ఆమ్లం ప్లాస్టిక్ లోపల కూడా తన పని తాను చేసుకుపోతుంది. ప్లాస్టిక్ ఊడదీయబోతే అక్షరాలూ దాంతోపాటే వస్తాయి. తుప్పు పిన్నులు తీసి నూలుదారంతో కుట్టండి, ఆమ్లం లేని కవర్లో పెట్టండి.

అపోహ: పాతవే కదా, స్కాన్ చేసి నెట్‌లో పెట్టేయొచ్చు.
మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. 1950లో అచ్చయిన పుస్తకమైనా, రాసినాయన 1990లో పోతే 2050 చివరిదాకా ఆగాల్సిందే. లైబ్రరీలో భద్రపరచడానికి చేసే స్కానింగ్ వేరే సంగతి. అలా చేసేటప్పుడు వెనక అట్ట మీది ప్రకటనలు వదిలేయకండి.