అడవి కూర రేటు, ఫారం పిట్ట రేటు: నన్ను రోజూ అడిగే అపోహలు - వాస్తవాలు

పండగ దగ్గర పడిందంటే చాలు నా ఫోన్ మోగుతూనే ఉంటది. కౌజు పిట్టలు ఉన్నాయా అని అడుగుతారు, ఉన్నాయి అనగానే గొంతు తగ్గించి "అన్నా, ఫారంవి కాదు, అసలువి, అడవివి దొరుకుతాయా, రేటు ఎంతైనా పర్లేదు" అంటారు. కొంతమంది ఇంకో మెట్టెక్కి దుప్పి ఉందా, అడవి పంది ఉందా, ఉడుము తెప్పిస్తావా అని అడుగుతారు. నాది ఖమ్మం పక్కన ఒక షెడ్డు, ఒక చిన్న షాపు. జపనీస్ క్వయిల్, అంటే ఫారంలో పెంచే కౌజు పిట్టలు, పెంచుతా, కోసి క్లీన్ చేసి అమ్ముతా, అంతవరకే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే ఒకేసారి రాసి పెడుతున్నా.

అపోహ: కేసు వేటగాడికే, కొనుక్కుని తిన్నోడికి ఏం కాదు

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. జనాన్ని నిండా ముంచేది ఇదే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మాంసం అంటే ఏంటో రాసి ఉంది, పచ్చిదైనా వండినదైనా మాంసమే అని స్పష్టంగా ఉంది. రక్తం, ఎముక, కొవ్వు, గుడ్లు కూడా అందులోకే వస్తాయి. అంటే ఫ్రిజ్‌లో ఉన్న కవరే కాదు, పొయ్యి మీదున్న కూర గిన్నె కూడా లెక్కలోకి వస్తది. 49వ సెక్షన్ కొనేవాడి గురించే, లైసెన్సు లేనోడి దగ్గర అడవి జంతువునైనా దాని మాంసాన్నైనా కొనకూడదు, తీసుకోకూడదు. తీసుకోవడం అంటే డబ్బులిచ్చి కొన్నదే కాదు, బామ్మర్ది ప్రేమగా డబ్బాలో పెట్టి పంపినా తీసుకున్నట్టే. పర్మిషన్ లేకుండా వండి వడ్డించిన హోటలోడికి 44వ సెక్షన్ వేరే ఉంది. వీటన్నిటికంటే భయపడాల్సింది 57వ సెక్షన్. మామూలు కేసుల్లో నువ్వు తప్పు చేశావని పోలీసులు నిరూపించాలి కదా, ఇక్కడ మాంసం నీ దగ్గర ఉందని తేలితే చాలు, అది అక్రమంగా పెట్టుకున్నదే అని కోర్టు అనుకుంటది, కాదని నిరూపించుకోవాల్సింది నువ్వు. ఏ బిల్లు చూపిస్తావ్? చెట్టు కింద సంచిలో అమ్మినోడు బిల్లు ఇస్తాడా?

శిక్షల సంగతి, 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మామూలు నేరానికి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా లక్ష దాకా. ఒకటో షెడ్యూల్లో, అంటే చట్టం అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చిన జాబితాలో, ఉన్న జంతువైతే తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఏడేళ్ళ దాకా పోవచ్చు, జరిమానా 25 వేల నుంచి మొదలు. ఒకటో షెడ్యూల్ అంటే పులులు ఏనుగులే అనుకుంటారు, కాదండీ, నడుం నొప్పికి మంచిదని మనోళ్ళు వెతికి వెతికి తినే ఉడుము అందులోనే ఉంది, నెమలి కూడా అందులోనే. దాన్ని తీసుకొచ్చిన బండి కూడా నేరానికి వాడినట్టు లెక్క, నేరం రుజువైతే బండి ప్రభుత్వానికి పోద్ది.

మా పక్క ఊర్లో ఒక ట్రాక్టర్ డ్రైవర్ ఉన్నాడు, మంచోడు, కూతురు పుట్టినరోజని ఎవరో తెలిసినోడు చెప్తే కొండగొర్రె అని రెండు కిలోలు తీసుకుని బండి హ్యాండిల్‌కి తగిలించుకుని వస్తుంటే చెక్‌పోస్ట్ దగ్గర ఆపారు. అమ్మినోడు ఫోన్ ఆఫ్ చేసుకున్నాడు, ఇప్పటికీ దొరకలేదు. ఇతని బండి పోయింది, వాయిదా ఉన్న రోజు కూలి పోద్ది, లాయర్ ఫీజుకి వాళ్ళావిడ పుస్తెలతాడు తాకట్టులో ఉంది. ఆమె మా షాపుకి వచ్చినప్పుడు "తినకుండానే ఇంత జరిగింది అన్నా" అన్నది, నాకు ఏం చెప్పాలో తెలియలేదు. అతని చేతికి ఆ కవర్ ఇచ్చినోడి మీద నాకు ఇప్పటికీ కోపమే.

"వండేస్తే ఏ మాంసమో ఎవడు కనిపెడతాడు" అనేవాళ్ళకి ఒక మాట. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్ళ లాకోన్స్ అని ల్యాబ్ ఉంది, అత్తాపూర్ దగ్గర. మాంసం ముక్కలో డీఎన్ఏ చూసి ఏ జంతువో చెప్పడం వాళ్ళ పనుల్లో ఒకటి, దేశం మొత్తం నుంచి అటవీ శాఖలు శాంపిళ్ళు పంపుతాయి. మసాలా వేసి ఉడికించినంత మాత్రాన డీఎన్ఏ మొత్తం మాయమైపోదు.

ఇది చదివి కంగారు పడేవాళ్ళు కూడా ఉంటారని తెలుసు. మొన్న ఒకావిడ ఫోన్ చేసి చిన్నప్పుడు తాతయ్య తెచ్చిన కుందేలు కూర తిన్నాం, ఇప్పుడు మా వారికి గవర్నమెంట్ జాబు, ఏమన్నా అవుద్దా అని ఏడ్చినంత పని చేసింది. అమ్మా, ఎప్పుడో తాత కాలంలో తిన్నదాని కోసం ఎవరూ మీ గుమ్మం తొక్కరు, హాయిగా పడుకోండి. ఇక ముందు కొనొద్దు, ఎవరన్నా ఇస్తే తీసుకోవద్దు, అంతే.

పంటలు పాడు చేసే అడవి పందుల్ని కొట్టడానికి పర్మిషన్ ఇస్తున్నారు కదా, ఆ మాంసం అమ్ముకోవచ్చు కదా అంటారు. పర్మిషన్ పంటని కాపాడుకోవడానికి ఇచ్చేది, కూర దుకాణం పెట్టుకోవడానికి కాదు. ఆ పేరు చెప్పి కిలోల లెక్కన ఎవడన్నా అమ్ముతుంటే వాడి మాట నమ్మొద్దు.

అపోహ: రేటు ఎక్కువ చెప్పాడంటే అసలుదే

ఈ బేరంలో రేటు ఎలా పుడుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ బేరగాళ్ళు కొందరు నా దగ్గరికే వస్తారు పిట్టలు కొనడానికి. నా షెడ్లో పెరిగిన పిట్టని తీసుకెళ్ళి వెదురు బుట్టలో వేసి, అడవి రోడ్డు పక్కన నిలబడి మూడింతలకి అమ్ముతారు. కిన్నెరసాని వైపో ఏటూరునాగారం వైపో టూర్‌కి పోయినవాళ్ళు కారాపి కొనుక్కుంటారు. అలా అమ్మేవాళ్ళని తెలిసిన దగ్గర్నుంచి వాళ్ళకి పిట్టలు ఇవ్వడం మానేశా. ఒకాయన అక్కడ కొని, నా దగ్గరికొచ్చి "చూడు అన్నా, రొమ్ము మీద నల్ల మచ్చలున్నాయి, ఇది అడవిది, నీ దగ్గరున్నవి ఎర్రగా ఉన్నాయి, అవి ఫారంవి" అని నాకే చెప్పాడు. జపనీస్ క్వయిల్‌కి మూడు వారాలు దాటాక రొమ్ము తుప్పు రంగుకి తిరిగితే మగది, మచ్చలుంటే ఆడది. అదొక్కటే తేడా! అదే షెడ్డు, అదే దాణా, అదే రోజు పొదిగిన పిల్లలు. ఆయన ఆడ పిట్టలకి అడవి రేటు కట్టి వచ్చాడు, పాపం.

దుప్పి అని అమ్మేదాంట్లో మేక ఎంత, ఇంకోటి ఎంత అని కొనేవాడు ఎలా తేల్చుకుంటాడు? కాంటా ఉండదు, బిల్లు ఉండదు, మోసపోతే కంప్లైంట్ ఇద్దామంటే నేను దుప్పి మాంసం కొన్నానని నువ్వే రాసివ్వాలి. ఇది అమ్మేవాడికి తెలుసు. అందుకే ఆ రేటుకి ఒక పద్ధతి అంటూ లేదు, కారు చూసి ఒక రేటు, బైక్ చూసి ఒక రేటు.

ఒకవేళ నిజంగా అడవిదే అనుకోండి, అది ఎలా చచ్చిందో అడిగారా ఎప్పుడన్నా? పందికి చేలో కరెంటు తీగ పెడతారు, రాత్రి తగిలి చస్తే తెల్లారాక చూస్తారు, అప్పటికి ఎన్ని గంటలైందో ఎవరికీ తెలియదు, రక్తం బయటికి పోదు, కడుపు ఉబ్బి ఉంటది. ఆ తీగలకే రైతులు, కాపలాకి పోయిన పిల్లలు చచ్చిపోయిన వార్తలు మన జిల్లాల్లో ఎన్ని చదవలేదు మనం. లేదంటే ఎరలో నాటు బాంబు పెడతారు, నాటు తుపాకీ అయితే సీసం గుళ్ళు కండలో ఉండిపోతాయి, ముక్కలు చిన్నగా విరిగితే పంటికి కూడా తగలవు, కడుపులోకి పోతాయి. పిట్టలకైతే మందు కలిపిన గింజలు చల్లేవాళ్ళు కూడా ఉన్నారు. డాక్టర్ చూసింది లేదు, ఐసు లేదు. ఇంత డబ్బు పోసి పిల్లలకి పెట్టేది ఇదా?

అపోహ: ఒక్కో పిట్టకి 70 అంటే కిలో 500, దోచుకుంటున్నారు

ఇది కోపంగా అడుగుతారు, కానీ అడగాల్సిన ప్రశ్నే. లెక్క చెప్తా, మా షాపు లెక్క ఇది, మీ ఊళ్ళో అటూ ఇటూ ఉండొచ్చు.

ఒక్క రోజు వయసున్న పిల్ల 12 రూపాయలు. అయిదు వారాల్లో అది అర కిలో పైన దాణా తింటది, మామూలు బ్రాయిలర్ దాణా కంటే ప్రొటీన్ ఎక్కువున్న స్టార్టర్ కావాలి, దాని మీద 25 పడుతుంది. కరెంటు, పొట్టు, మందులు కలిపి 6. ఇక చచ్చిపోయే పిల్లల భారం బతికిన వాటి మీద వేయాలి, అది ఇంకో 4. అంటే షెడ్లోనే 47 అయింది. కోసి ఈకలు తీయడం, ఐసు, షాపు అద్దె, పిట్టకి 10 అనుకోండి. 57 పెట్టి 70కి అమ్మితే 13 మిగులుద్ది, అది కూడా బ్యాచ్ బాగా వచ్చినప్పుడు.

చచ్చిపోయే పిల్లలు అన్నా కదా, అసలు కష్టం మొదటి పది పన్నెండు రోజులే. పిల్ల పుట్టినప్పుడు పది గ్రాములు కూడా ఉండదు, బొటనవేలంత. మామూలు కోడిపిల్లల నీళ్ళ పళ్ళెం పెడితే అందులో పడి మునిగి చస్తాయి, అందుకే పళ్ళెంలో గోళీలో గులకరాళ్ళో పరిచి, వాటి సందులో నిలిచిన నీళ్ళు తాగేలా చేస్తాం. కింద నున్నటి పేపరేస్తే కాళ్ళు జారి చీలిపోతాయి, గరుకుగా ఉండే గోనె పట్టా వేయాలి. రాత్రి కరెంటు పోయి బల్బులు ఆరితే చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి కిందవి ఊపిరాడక పోతాయి, కాబట్టి చలికాలం బ్యాచ్ దిగిందంటే మా ఇంట్లో ఎవరో ఒకరు షెడ్లోనే పడుకుంటారు. కిలోకి 500 అంటే ఇదంతా కలిపి.

పైగా కిలో లెక్క పిట్టకి సరిపోదు. ప్రాణంతో 200 గ్రాములున్న పిట్ట క్లీన్ చేస్తే 140 వస్తది, కిలోకి ఏడు. నలుగురున్న ఇంటికి ఆరు పిట్టలు బోలెడు, 420 అవుద్ది, ఇప్పుడు అర కిలో మటన్ రేటు అదే కదా. చికెన్‌తో పోల్చి తిట్టొద్దు, మటన్‌తో పోల్చుకోండి. కొందరు షాపులోళ్ళు నాలుగు వారాలకే 150 గ్రాముల పిట్టని కోసి అదే రేటుకి ఇస్తున్నారు, కాబట్టి పిట్ట లెక్కన కొన్నా సరే, కాంటా మీద పెట్టించి ఒక్కో పిట్ట ఎంత తూగుతుందో చూసుకోండి. తోలుతో తీసుకుంటే తూకం నిలబడుద్ది, రుచి కూడా తోల్లోనే ఉంది.

మిగతావి గబగబా

క్వయిల్ బ్యాన్ కదా అంటారు. 2011లో కేంద్ర పర్యావరణ శాఖ దీన్ని కూడా వన్యప్రాణి కింద చూసి కొత్త లైసెన్సులు ఆపమంది, చాలామంది భయపడి షెడ్లు ఖాళీ చేసుకున్నారు, తర్వాత ఫారంలో పెంచే జపనీస్ క్వయిల్‌కి మినహాయింపు ఇచ్చారు. ఇది 1974లో అమెరికా నుంచి బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్ పరిశోధన సంస్థకి తెచ్చి పెంచిన జాతి, మన చేలల్లో తిరిగే కౌజు వేరు, దాన్ని ముట్టుకోవద్దు. కుందేళ్ళు కూడా అంతే, ఫారం కుందేలు తినొచ్చు, చేలో పరిగెత్తేది తినకూడదు.

క్వయిల్ గుడ్లు తింటే ఆయాసం తగ్గుద్దని పిల్లాడికి ఇన్‌హేలర్ మాన్పించిన తల్లిని చూశా నేను. అక్కా, గుడ్డు గుడ్డే, మంచి తిండి, మందు కాదు, డాక్టర్ ఇచ్చింది ఆపొద్దు.

అమెరికాలో మా అన్న జింక మాంసం తింటున్నాడు, ఇక్కడెందుకు కాదు అంటారు. అక్కడ లైసెన్సు తీసుకుని వేటాడినోడు తన ఇంటికి తెచ్చుకోవచ్చు గానీ వేటాడిన మాంసాన్ని షాపులో అమ్మడానికి వాళ్ళ దగ్గరా కుదరదు. షాపుల్లో దొరికేది ఫారంలో పెంచింది, చాలావరకు న్యూజిలాండ్ నుంచి వస్తది.

పిట్టలు పెంచితే మేమే తిరిగి కొంటాం అని ఎవరన్నా పిల్లల్ని ఎక్కువ రేటుకి అంటగడుతుంటే ఈమూ పక్షుల్ని గుర్తు తెచ్చుకోండి. అప్పుడు మా మేనమామ కూడా జతలు కొన్నాడు, కంపెనీ వాళ్ళకి డబ్బులొచ్చింది పిల్లలు అమ్మినప్పుడే, మాంసం కొనేవాడు మార్కెట్లో లేడు, 2012 నాటికి అంతా కూలిపోయి పక్షులకి మేత వేయలేక ఆయన పడ్డ బాధ మేం కళ్ళారా చూశాం. షెడ్డు వేసే ముందు మీ ఊళ్ళో వారానికి ఎన్ని పిట్టలు తింటారో మీరే తిరిగి కనుక్కోండి, రెండు హోటళ్ళతో మాట్లాడుకోండి, ఆ తర్వాతే పిల్లల్ని దింపండి.

చివరిగా, ఫారం పిట్టకి రుచి లేదు అనేవాళ్ళు సగం మంది కుక్కర్లో మూడు విజిల్స్ వేసి ఎముక విడిపోయేదాకా ఉడికిస్తున్నారు. అయిదు వారాల పిట్ట అది, అల్లం వెల్లుల్లి పట్టించి ఒక గంట పక్కన పెట్టి, మందపాటి బాణలిలో మూత పెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు వేయించండి చాలు. ఆదివారానికి కావాలంటే శుక్రవారమే చెప్పండి, ఆదివారం పొద్దున కోసి ఉంచుతా.