గారెలో చిల్లు, మడమలో నొప్పి

నెల రోజులు పరుగు మానేస్తే మడమ వెనక నొప్పి పోయింది, మళ్లీ మొదలుపెట్టిన మూడో రోజుకే తిరిగొచ్చింది, ఇంకెన్నాళ్లు విశ్రాంతి తీసుకోవాలి? ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ దగ్గరపడే కొద్దీ ఈ ప్రశ్న ఎక్కువగా వినిపిస్తుంది. ఆ దారి నిండా ఫ్లైఓవర్లు. ఎక్కేటప్పుడు వేళ్లకన్నా మడమ కిందికి దిగుతుంది, మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ మామూలుకన్నా ఎక్కువ సాగుతుంది.

జవాబు చాలామందికి నచ్చదు. విశ్రాంతి పెంచడం కాదు, ఆ టెండన్ మోసే బరువు పెంచాలి.

అకిలిస్ టెండన్ అంటే పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే పట్టీ. పరుగులో దానిమీద మన బరువుకు ఆరేడు రెట్ల బలం పడుతుంది. ఇంతకుమించిన అనాటమీ ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. అందులో దొరకని సంగతి ఒకటుంది, దాన్ని బయటపెట్టింది అణుబాంబులు.

1955 నుంచి 1963 దాకా ఆరుబయట జరిపిన అణుపరీక్షలతో గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక రకం కార్బన్ దాదాపు రెట్టింపైంది. ఆ పరీక్షలను నిషేధించిన 1963 ఒప్పందం తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. గాలిలోంచి మొక్కల్లోకి, తిండితోపాటు మన ఒంట్లోకి చేరిన ఆ కార్బన్, ఏ కణజాలం ఏ ఏడాది తయారైందో చెప్పే ముద్రలా మిగిలిపోయింది. 2013లో డెన్మార్క్ పరిశోధకులు అకిలిస్ టెండన్ల నడిమి భాగాన్ని ఇలా కొలిచారు. వాళ్లకు కనబడిన కార్బన్-14, ఆ మనుషులు పుట్టిన దగ్గర్నుంచి సుమారు 17 ఏళ్లు వచ్చేదాకా గాలిలో ఉన్న స్థాయితో సరిపోయింది. అవే మనుషుల కండరం మాత్రం ఎప్పటికప్పుడు కొత్తదవుతూనే ఉంది. అంటే యాభై ఏళ్ల మనిషి పరిగెత్తేది ఇంటర్ చదివేనాటికే తయారైపోయిన టెండన్‌తో!

దెబ్బతిన్న చోట కథ వేరు. అక్కడ కొల్లాజెన్ (టెండన్‌కు బలాన్నిచ్చే ప్రోటీన్) పోగులు చిందరవందరవుతాయి, మధ్యలో నీరు చేరుతుంది, అల్ట్రాసౌండ్ స్కాన్‌లో నల్లని మచ్చగా కనిపిస్తుంది. ఆ మచ్చ పూడటం అరుదు. మరి పూడనిదానికి వైద్యమేమిటి? ఆస్ట్రేలియాలో జిల్ కుక్, షాన్ డాకింగ్ అనే పరిశోధకులు ఆ మచ్చను వదిలేసి చుట్టూ ఉన్నదాన్ని కొలిచారు. జబ్బుపడిన టెండన్ లావెక్కి ఉంది, అందులో వరసగా పేర్చుకున్న మంచి పోగుల మొత్తం ఆరోగ్యమైన టెండన్‌లో ఉన్నదానికి తక్కువేమీ కాదు. గారెలో చిల్లు చిల్లుగానే ఉంటుంది గానీ పిండి మాత్రం తగ్గలేదన్నమాట.

ఈ గారె దగ్గరే ఇంకాసేపు ఆగుదాం. నెల రోజులు కదలకుండా కూర్చుంటే చిల్లు పూడకపోగా చుట్టూ ఉన్న గారె కూడా బలం తగ్గుతుంది, పిక్క కండరం కరుగుతుంది. నొప్పి తగ్గింది బరువు పడలేదు కాబట్టి. మూడో రోజు పరుగుకే తిరిగొచ్చిందంటే కారణం అదే. పసుపు పట్టు, వేడి కాపడం, మర్దనా హాయినివ్వవచ్చు, పిండిని మాత్రం పెంచవు. ఫిజియోథెరపీ గదిలో పది నిమిషాల అల్ట్రాసౌండ్ యంత్రానిదీ అదే సంగతి.  ఆరు నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీయించి, చిల్లు అలాగే ఉందని బెంగపడటమూ అనవసరం. నొప్పే లేనివాళ్లలోనూ ఆ చిల్లు కనిపిస్తుంటుంది.

పిండిని పెంచేది నెమ్మదిగా ఎత్తే పెద్ద బరువే. పద్ధతి ఇది. మెట్టు అంచున వేళ్లమీద నిలబడండి. మూడు సెకన్లలో మడమ పైకి, మూడు సెకన్లలో కిందికి. మోకాలు నిటారుగా ఉంచితే పిక్క పైకండరం పనిచేస్తుంది. అది మోకాలు దాటి తొడ ఎముకదాకా వెళ్తుంది కాబట్టి మోకాలు వంచితే వదులవుతుంది, అప్పుడు భారం లోపలి కండరం సోలియస్ మీద పడుతుంది. అందుకని రెండూ చేయాలి. పదిహేనుసార్లకు మించి ఎత్తలేనంత బరువుతో మొదలుపెట్టి, 12 వారాల్లో ఆరుసార్లకు మించి ఎత్తలేనంత బరువుదాకా పెంచాలి. మూడు నాలుగు సెట్లు, మధ్యలో రెండు మూడు నిమిషాలు ఆగాలి. జిమ్ లేకపోతే వీపుకు బ్యాగు తగిలించి, అందులో బియ్యం కిలో కిలో చొప్పున పెంచుకుంటూ పోవచ్చు.

వారానికి మూడు రోజులే, అదీ రోజు విడిచి రోజు. బరువెత్తాక మొదటి 24 నుంచి 36 గంటలు కొల్లాజెన్ తయారయ్యేదానికన్నా విరిగేదే ఎక్కువ, లాభం ఆ తర్వాతే. 1998లో స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్సన్ అనే డాక్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో రోజుకు 180 సార్లు, వారమంతా మడమ దించాలి. అదీ పనిచేసింది. 2015లో డెన్మార్క్‌లో రెండింటినీ పోల్చి చూస్తే ఫలితం ఇంచుమించు సమానం. బరువుల పద్ధతికి వారానికి పట్టిన సమయం దాదాపు మూడో వంతే. ఉద్యోగస్తులకు ఇదే నయం.

కొంత నొప్పి ఉంటుంది, ఉండనివ్వండి. సున్నా నుంచి పది లెక్కలో ఐదు దాటకూడదు, మర్నాటి పొద్దునకు ఎప్పటి స్థాయికి దిగిపోవాలి. మంచం దిగగానే వేసే మొదటి పది అడుగుల బిగుతే అసలు కొలత. నిన్నటికన్నా ఎక్కువైతే బరువు తగ్గించాలి, మానేయకూడదు.

టెండన్ మడమ ఎముకకు అంటుకునే చోటే నొప్పి ఉంటే పద్ధతి మార్చాలి. మెట్టుమీద మడమ కిందికి దించితే అక్కడ టెండన్ ఎముకకు ఒత్తుకుంటుంది, నొప్పి పెరుగుతుంది. వీళ్లు నేలమీదే చేయాలి, పిక్క సాగదీసే వ్యాయామాలు మానాలి, బూటులో ఒక సెంటీమీటరు మడమ దిండు పెట్టుకోవాలి. ఎముకకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన నొప్పి ఉన్నవాళ్లకు ఈ నియమం వర్తించదు.

తేడా కొట్టేది సాధారణంగా వేగం దగ్గర. మూడు సెకన్లు ఒక సెకనైపోతుంది. రెండు కాళ్లతో చేసేటప్పుడు బరువు తెలియకుండానే మంచి కాలిమీదికి జారుతుంది. అలసిపోగానే నిటారు మోకాలు కాస్తా వంగుతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు, నాలుగో వారంలో నొప్పి తగ్గగానే ఆపేయడం. బలం వచ్చేది నొప్పి పోయిన చాలా కాలానికి. నొప్పి కాలు ఒంటిగా మడమ ఎత్తే సంఖ్య రెండోకాలి సంఖ్యలో తొంభై శాతానికి వచ్చాక గెంతడం మొదలుపెట్టాలి. రెండు కాళ్లమీద, తర్వాత ఒంటికాలిమీద. ఆ తర్వాతే పరుగు: ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, చదునైన చోట, రోజు విడిచి రోజు. ఫ్లైఓవర్లు చిట్టచివర.

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్ ఈ టెండన్ తెగే ప్రమాదాన్ని పెంచుతాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కని మందుల షాపులో అడిగి కొనేసుకునేవి తరచుగా ఇవే. వాటిని వాడుతుండగా మడమ వెనక నొప్పి వస్తే వ్యాయామం ఆపి ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. వెనకనుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, టప్‌మని చప్పుడైతే బోర్లా పడుకుని పాదం మంచం అంచు బయటకు వేలాడేయండి, ఎవరైనా పిక్క గట్టిగా నొక్కాలి. పాదం కదలకపోతే టెండన్ తెగినట్టే, అప్పుడు వెళ్లాల్సింది ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి.